కనపడదులే

కెప్టెన్ బుగ్గ ఒక పట్టాన కుదరడం లేదు. కాస్త ఎరుపు పెంచితే జ్వరం తగిలినవాడిలా ఉన్నాడు, తగ్గిస్తే పచ్చకామెర్ల మనిషిలా ఉన్నాడు. కలరిస్టు కుర్చీలో ముందుకు జరిగింది. బల్ల మీద మూడు బంతులున్నాయి: ఒకటి నీడలకు, ఒకటి మధ్యరంగులకు, ఒకటి వెలుగుకు. మధ్య బంతి మీద అరచెయ్యి ఆనించి వెంట్రుకవాసి తిప్పింది. తెర మీద కెప్టెన్ మెల్లగా ఆరోగ్యం పుంజుకున్నాడు.

పాత సినిమాలు వెలిసిపోతాయి. వాటి పోయిన రంగును వెనక్కి తేవడం ఆమె పని. ఈ మాట ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా ఆమె అత్తగారు మాత్రం ఇరుగుపొరుగు వాళ్ళతో "మా కోడలు సినిమాలకు వెల్ల వేస్తుంది" అనే చెప్పేది.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ముందు హీరో బుగ్గ. నెగెటివ్‌లో ఇంకేం ఉన్నా లేకపోయినా హీరో బుగ్గ రంగు కుదరాలి. ఆకాశం, గడ్డి, గోడలు, గుర్రాలు, మిగతా మనుషులు అన్నీ ఆ బుగ్గ వెనకాల నడిచి రావలసిందే. ఆమెకు పని నేర్పిన గురువు అలాగే చెప్పాడు. ఆయనకు ఆయన గురువు అలాగే చెప్పి ఉంటాడు. ఎందుకని ఎవరూ ఎవరినీ అడిగినట్టు లేదు.

ఇది యుద్ధం సినిమా. యుద్ధం పేరుకే, అసలు కథ పగ. శత్రువులు కెప్టెన్ తమ్ముణ్ణి చంపుతారు. ఇక అక్కడి నుంచి కెప్టెన్ ఒక్కొక్కణ్ణీ వెతికి వెతికి చంపుకుంటూ పోతాడు. ఆఖరి రీల్లో అసలు హంతకుడు చేతికి చిక్కుతాడు. కూలిపోయిన పిండిమిల్లు గోడ దగ్గర వాణ్ణి నిలబెట్టి, ఊపిరి తిప్పుకోకుండా ఒక పెద్ద డైలాగు చెప్పి, కాల్చేస్తాడు. అప్పట్లో ఆ డైలాగుకు హాళ్ళు దద్దరిల్లాయట.

కెప్టెన్ దళంలో అన్ని రకాల మనుషులూ ఉంటారు. నవ్వించడానికి ఒక లావాటివాడు. దణ్ణాలు పెట్టడానికి ఒక భక్తుడు. పాట పాడి, పాట అవగానే చచ్చిపోవడానికి ఒక పాటగాడు. వైర్‌లెస్ పెట్టె మొయ్యడానికి ఒక నల్లటివాడు. తక్కిన అందరికీ ఏదో ఒక పేరుంది. ఇతన్ని "వైర్‌లెస్!" అని కేకేస్తారు, వస్తాడు. సినిమా మొత్తానికి రెండు మాటలు మాట్లాడతాడు. పెదాల కదలిక ఒకటి, వినపడేది ఒకటి. అంటే ఆ రెండు మాటలూ కూడా ఇంకెవరి గొంతుతోనో చెప్పించారన్నమాట.

ఆమెకు ఇతని ముఖంతో పనిలేదు, చొక్కాతో పని. నెగెటివ్ పాడై ఆకుపచ్చలన్నీ మట్టిలోకి దిగిపోయాయి. యూనిఫారం అసలు రంగేమిటో తేలడం లేదు. కెప్టెన్ చొక్కా చెమటకు, ధూళికి నమ్మదగినట్టు లేదు. ఆఖరి సీనులో కెప్టెన్ వెనకాల, గోడ నీడలో, వైర్‌లెస్ నిలబడి ఉన్నాడు. ఎండ తగలని గుడ్డ కదా, అక్కడ రంగు మిగిలి ఉంటుందేమోనని నీడల బంతిని పైకి తిప్పింది. కాలరు మడతలు కనిపించాయి. కాలరు పైన ఒక ముఖం కూడా కనిపించింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ చోట ఒక నల్లటి ముద్ద, అందులో రెండు తెల్లటి చుక్కలు మాత్రమే ఉండేవి. ఇప్పుడక్కడ పాతికేళ్ళ కుర్రాడున్నాడు. ఎడమ బుగ్గ మీద చిన్న గాటు. ఎంతో శ్రద్ధగా దువ్వుకున్న పల్చటి మీసం. కెప్టెన్ డైలాగు చెబుతున్నంతసేపూ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. పెదాలు లోపలికి మడిచి పళ్ళకింద నొక్కిపట్టాడు. భుజాలు సన్నగా అదురుతున్నాయి.

వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. ఇంకోసారి చూసింది. శత్రువును చంపుతుంటే మనవాడే ఒకడు ఏడుస్తున్నాడు!

"ఏడవమని నీకెవరు చెప్పారు బాబూ?" అని పైకే అంది.

ఆ గదిలో జవాబు చెప్పేవాళ్ళు లేరు. ఆమెకు ఇక కెప్టెన్ బుగ్గ మీద ఆసక్తి పోయింది. ఆ కుర్రాడి ముఖం చుట్టూ ఒక గీత గీసింది. గీత లోపల మాత్రమే వెలుగు పెరగాలి, చుట్టూ ఉన్న నీడ చెదరకూడదు. ముఖం కదిలినప్పుడల్లా గీత కూడా కదలాలి. యంత్రానికి వదిలేస్తే గోడ మీదికి పోతోంది, అందుకని ఫ్రేము తర్వాత ఫ్రేము తనే జరుపుకుంటూ కూర్చుంది. టీ చల్లారిపోయింది. మెడ పట్టేసింది. అయినా ఆపబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక ముందు అత్తగారిని కదిలించింది. ఆవిడ వయసులో ఉండగా ఆ సినిమా ఆడినన్నాళ్ళూ ఆ హాలు చుట్టూ తిరిగిన మనిషి. కెప్టెన్ అంటే ఇప్పటికీ చెవి కోసుకుంటుంది.

"అత్తయ్యా, ఆఖర్లో మిల్లు దగ్గర కెప్టెన్ వెనకాల ఎవరుంటారో గుర్తుందా?"

"వెనకాల గోడ ఉంటుంది."

"గోడకి ముందు?"

"గోడకి ముందు ఆయన ఉంటాడు. చొక్కా పైగుండీ ఊడిపోయి, జుట్టు నుదుటి మీద పడి..." అత్తగారు మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళో పెట్టుకుని ఎక్కడికో వెళ్ళిపోయింది.

"ఆయన కాదు అత్తయ్యా. ఇంకొకతను. నల్లగా ఉంటాడు. వీపున పెట్టె..."

"ఆ! పెట్టె!" అత్తగారి ముఖం వెలిగింది. "దానికి పొడుగ్గా కడ్డీ కూడా ఉంటుంది. అది ఎక్కడ ఆయన కంట్లో గుచ్చుకుంటుందోనని భయపడి చచ్చేదాన్ని. పెట్టె గుర్తు లేకపోవడమేంటి?"

"పెట్టె మోసే మనిషి?"

అత్తగారు నిజంగానే ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "మనిషున్నాడా?" అంది.

కలరిస్టుకు నవ్వూ వచ్చింది, ఎక్కడో చిన్న కోపం కూడా వచ్చింది. కోపం ఎవరి మీదో తేలలేదు.

మర్నాడు పొద్దున్నే సినిమావాళ్ళకూ నాటకాలవాళ్ళకూ బట్టలు అద్దెకిచ్చే షాపుకు వెళ్ళింది. చొక్కా రంగు సంగతి ఇంకా తేలలేదు మరి. లోపల రాజుల అంగరఖాలు, లాయరు కోట్లు, పోలీసు టోపీలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వేలాడుతున్నాయి. కిటికీ పక్కన ఒక ముసలాయన కోటుకు గుండీలు కుడుతున్నాడు. జుట్టుకు నల్లరంగు, మీసానికి నల్లరంగు, ఆ తొందరలో చెవి తమ్మెకు కూడా కొంచెం.

యుద్ధం సినిమా పేరు చెప్పి, ఆనాటి చొక్కా ఒకటి దొరుకుతుందా అని అడిగింది. ముసలాయన సూదిని కోటులో గుచ్చి లేచాడు.

"ఆ బట్టలన్నీ మేమే ఇచ్చామమ్మా. అప్పుడు నేనిక్కడ కుర్రాణ్ణి. నన్నూ మా బావమరిదినీ పెట్టెలతో షూటింగుకి పంపారు." లోపలికెళ్ళి ఒక చొక్కా తెచ్చి బల్ల మీద పరిచాడు. "పైన చూస్తే లాభం లేదు, ఎన్ని ఉతుకులయ్యాయో. చేతి మడత లోపల చూసుకోండి."

మడత విప్పితే లోపల గుడ్డ ఎండా వానా ఎరగనట్టుంది. ఆకుపచ్చే, కానీ కొంచెం నీలం కలిసింది. ఆమె తన దగ్గరున్న రంగుల అట్ట దాని పక్కన పెట్టి ఫోటో తీసుకుంది. తల ఎత్తేసరికి ముసలాయన కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. వెలుతురు బుగ్గ మీద పడుతోంది. ఎడమ బుగ్గ మీద చిన్న గాటు.

"మీరు... మీరు వైర్‌లెస్!"

ముసలాయన గిర్రున తిరిగాడు. నడుం దానంతటదే నిటారయింది. "మీకెలా తెలుసు? మా ఇంట్లో వాళ్ళకే చెప్పి చెప్పి నా నోరు పోయింది. టీవీలో వచ్చినప్పుడల్లా 'అదిగో నేను, అదిగో నేను' అంటాను. మా మనవరాలు 'ఎక్కడ తాతా?' అని తెర దగ్గరికెళ్ళి మరీ వెతుకుతుంది."

"ఇకనుంచి వెతకక్కర్లేదండీ. మీ ముఖం కనపడుతోంది. నిన్న బయటికి తీశాను."

ఆయన మెల్లగా వెళ్ళి, రాజుల కిరీటాలు సరిచూసుకునే నిలువుటద్దంలో తన్ను తాను చూసుకుని వచ్చాడు.

"ఏ వైపు నుంచి కనపడుతున్నాను?"

"ఎడమ వైపు నుంచి."

"ఎడమ వైపు బావుంటాను," అని ఒప్పుకున్నాడు.

ఎలా దొరికింది వేషం అని అడిగితే పొంగిపోతూ చెప్పాడు. దళంలో రకరకాల మనుషులుండాలని డైరెక్టరుగారు ఉదయం నుంచీ తలపట్టుకున్నారట. ఒక నల్లటివాడు కావాలి. మేకప్ వేసి ఒకణ్ణి నల్లగా చేస్తే చెమటకు కారిపోయిందట. అప్పుడు ఈయన చొక్కాల పెట్టె దించుకుని వీపు తిప్పి నిలబడ్డాడు. "'ఆ పెట్టె మోసేవాణ్ణి పిలవండి' అన్నారు. అంతే. ఒక పెట్టె దించి ఇంకో పెట్టె ఎత్తుకున్నాను."

ఆమె గొంతు తగ్గించింది. "ఆఖరి సీనులో, మిల్లు గోడ దగ్గర, మీరు..."

ముసలాయన చటుక్కున తల దించుకున్నాడు. చెయ్యి నోటికడ్డం పెట్టుకున్నాడు. "అమ్మా, ఆ సీను గురించి మాత్రం అడగొద్దు," అన్నాడు. గొంతు వణికింది.

ఇన్నేళ్ళయినా ఆ బాధ పచ్చిగానే ఉందన్నమాట అనుకుంది. ఇంక గుచ్చి అడగడం మర్యాద కాదనిపించింది. రేపు స్టూడియోకి వచ్చి చూసుకోమంది. "మా ఆవిణ్ణి తీసుకురావచ్చా?" అని అడిగితే తప్పకుండా తీసుకురమ్మంది. బావమరిది ఏం చేశాడని అడగాలని ఆమెకు తోచనే లేదు. పెట్టెలు మోసుంటాడు.

మధ్యాహ్నం చిన్నబాబు వచ్చాడు. సినిమా తీసిన దర్శకుడి కొడుకు. యాభై దాటాయి, నడినెత్తిన జుట్టు లేదు, అయినా ఊరంతటికీ చిన్నబాబే. ఇప్పుడీ సినిమాకు యజమాని అతనే. తండ్రి పేరెత్తితే గొంతు మారిపోతుంది. సినిమాను మళ్ళీ హాళ్ళలో వెయ్యాలని, తండ్రిని ఇప్పటివాళ్ళకు చూపించాలని పట్టుబట్టి చేయిస్తున్నాడు. రేపు సాయంత్రానికి పని ముగించి పంపెయ్యాలి. అది వెళ్ళిందంటే ఇక ముందు ఎవరు చూసినా దాన్నే చూస్తారు. పాత ప్రింట్లు చివికిపోయాయి.

ఆఖరి రీలు వేసింది. చిన్నబాబు చేతులు కట్టుకుని చూస్తున్నవాడు కాస్తా చేతులు విప్పాడు.

"వెనకాల ఎవడో కదులుతున్నాడే?"

"వైర్‌లెస్."

"ఇదివరకు లేడుగా?"

"ఇదివరకూ ఉన్నాడండీ. కనపడలేదు."

"తీసెయ్యండి. పగ తీరే చోటు అది. కళ్ళన్నీ కెప్టెన్ మీదుండాలి. నాన్న ఎలా తీశాడో అలాగే ఉండాలి."

"నాన్నగారు తీసింది ఇదే. నెగెటివ్‌లో ఉంది. ప్రింటు వేసినవాళ్ళు కెప్టెన్ బుగ్గ చూసుకుని వేశారు, ఇతను మునిగిపోయాడు."

చిన్నబాబుకు కొంచెం పౌరుషమొచ్చింది. "చూడండి, ఎవరూ అనుకోని రోజుల్లో మా నాన్న అన్ని రకాల మనుషుల్నీ పెట్టాడు ఆ సినిమాలో. ఇవాళ అందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతున్నారు, ఆయన చేసి చూపించాడు."

"పెట్టారండీ. పెట్టి చీకట్లో నిలబెట్టారు," అంది ఆమె. నోరు జారాననుకుంది. కానీ మాట నిజమే కాబట్టి వెనక్కి తీసుకోలేదు. ఇతను సరేననకపోతే ఆ కుర్రాడు మళ్ళీ ముద్దయిపోతాడు, ఈసారి శాశ్వతంగా. అందుకని ఆఖరి బాణం వేసింది. "ఒక్కసారి అతని ముఖం చూడండి. ఏడుస్తున్నాడు."

చిన్నబాబు చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. తెర దగ్గరికి నడిచి చూశాడు. వెనక్కి తిరిగేసరికి అతని కళ్ళలోనే నీళ్ళున్నాయి.

"హీరో పగ తీర్చుకుంటుంటే వెనకాల మనవాడే శత్రువు కోసం ఏడుస్తున్నాడు. నాన్న అంత దూరం ఆలోచించాడా! నాకు ఒక్క మాటైనా చెప్పలేదే!"

ఆ ఏడ్చినతను రేపు ఇక్కడికే వస్తున్నాడని ఆమె చెప్పేసరికి, అక్కడే నిలబడి ఫోను తీశాడు. సినిమా గురించి రాసే ఎవరితోనో మాట్లాడాడు. కన్నీళ్ళు పెట్టిన సైనికుడు, మా నాన్న మానవత్వం, ఎవరూ గమనించని రహస్యం, రేపు ఆయన్నే కలవబోతున్నాను, ఇలా మాటలు గాల్లో తేలిపోతున్నాయి. ఆమె వింటూ కూర్చుంది. అన్ని మాటల్లోనూ నాన్నే ఉన్నాడు గానీ ఏడ్చినవాడు ఎక్కడో మూలన ఉన్నాడు. పోన్లే, ముఖమైతే మిగిలింది కదా అనుకుంది.

మర్నాడు ముసలాయన సూటు వేసుకుని వచ్చాడు. అది కూడా షాపులోదే అయ్యుంటుంది, భుజాలు ఇంకెవరివో. వెంట ఆయన భార్య. సన్నగా, చురుగ్గా, చేతిలో సంచి పట్టుకుని గదిలోకి అడుగుపెడుతూనే "ఇంత చీకట్లో పని చేస్తే కళ్ళు పోవూ?" అని కలరిస్టును మందలించింది. చిన్నబాబు ముందే వచ్చి కూర్చున్నాడు. లేచి గబుక్కున ముసలాయన కాళ్ళకు వంగాడు. ముసలాయన బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇదేంటి బాబూ? నేనేం చేశానని?"

"మీరేం చేశారో ఇన్నాళ్ళకు తెలిసింది," అన్నాడు చిన్నబాబు.

దీపాలు ఆర్పి ఆఖరి రీలు వేసింది. మిల్లు గోడ. మధ్యలో ఎండలో కెప్టెన్. ఎడమవైపు వెనకాల నీడలో వైర్‌లెస్. కుడివైపు అంచున గోడకానుకుని, చేతులు కట్టేసి, చావబోయే శత్రువు.

"మీసం," అన్నాడు ముసలాయన గుసగుసగా. "ఒసేయ్, నా మీసం చూడు." భార్య మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ గొంతు విని కలరిస్టుకు గుండె నిండిపోయింది. ఈ ఉద్యోగంలో ఇంత సంతోషం ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

కెప్టెన్ డైలాగు మొదలైంది. తెర మీద కుర్రాడు కళ్ళు మూసుకున్నాడు. కుర్చీలో ముసలాయన కూడా కళ్ళు మూసుకున్నాడు. తెర మీద భుజాలు అదిరాయి, కుర్చీలో భుజాలు అదిరాయి. చిన్నబాబు ఆదరంగా ఆయన వీపు మీద చెయ్యి వేశాడు.

"ఏడవండి, పర్లేదు."

ముసలాయన ఇక ఆపుకోలేకపోయాడు. గది దద్దరిల్లేలా నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ, సంచిలోంచి భార్య తీసిచ్చిన మంచినీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు.

"ఏడవడమా? ఎవరు బాబూ ఏడ్చింది? నవ్వు! చచ్చీచెడీ నవ్వు ఆపుకుంటుంటే!"

కలరిస్టు రీలు ఆపింది. షాపులో ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

"దేనికి నవ్వు?" అన్నాడు చిన్నబాబు. ముఖం పాలిపోయింది.

ముసలాయన చెప్పేలోగా ఆయన భార్య లేచి నిలబడింది. మొదటి నుంచీ ఆవిడ మొగుడి మీసం వైపు చూడనే లేదు. ఆగిపోయిన బొమ్మలో కుడివైపు అంచునే చూస్తోంది.

"అమ్మాయీ," అంది, "మరి మా తమ్ముడేడీ?"

"మీ తమ్ముడా?"

"అదిగో, ఆ కట్టేసినవాడు వాడే కదా. ఈయనకు మల్లే వాణ్ణి కూడా తీశావనుకుని వచ్చాను."

కలరిస్టు తెర వైపు చూసింది. గోడ పక్కన మనిషి ఆకారంలో ఒక నలుపు. ఒక పూటంతా ఒక ముఖం చుట్టూ గీత జరుపుకుంటూ కూర్చుంది. అదే ఫ్రేములో, జానెడు దూరంలో, చావబోయే మనిషికి ముఖముంటుందేమోనని ఒక్కసారి కూడా చూడలేదు. శత్రువు అనుకుంది, వదిలేసింది. మనవాడైతే నల్లవాడికి వెలుగు ఇచ్చింది, పరాయివాడైన నల్లవాణ్ణి గోడతో పాటు లెక్కేసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఎంత న్యాయం చేసేస్తున్నాననుకుంది!

"ఒక్క నిమిషం కూర్చోండి పెద్దమ్మా," అని కుర్చీ లాక్కుంది.

"ఆగండి," అన్నాడు చిన్నబాబు. "వాడి ముఖం ఎందుకు? వాడు శత్రువు. కాల్చేవాడికి ముఖముండాలి. చచ్చేవాడికి కూడా ముఖమొస్తే ఇక పగ ఏం మిగుల్తుంది?"

"చూసి చెబుదాం," అంది ఆమె. అప్పటికే గీత గీసేసింది. నీడల బంతిని కొద్దిగా తిప్పింది. గోడ ఇటుకలు లేచి వచ్చాయి, తగ్గించింది. మళ్ళీ తిప్పింది. ముందు నుదురు వచ్చింది. తర్వాత ముక్కు. తర్వాత మొత్తం ముఖం ఒక్కసారిగా వచ్చేసింది.

కుర్రాడు. వైర్‌లెస్ కన్నా చిన్నవాడు. ముందు పళ్ళ మధ్య సందు. ఎదురుగా తుపాకీ ఉంది, కానీ కెప్టెన్ వైపు చూడడం లేదు. కెప్టెన్ భుజం మీదుగా వెనకాల ఉన్న వైర్‌లెస్‌ను చూస్తున్నాడు. ఒక కనుబొమ్మ పైకెత్తాడు. నవ్వుతున్నాడు.

"'బావా, చూస్తూ ఉండు' అని ముందే చెప్పాడు," అన్నాడు ముసలాయన. ఆయన నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "రిహార్సల్లో తూటా తగిలాక మూడు చుట్లు తిరిగి, మోకాళ్ళ మీద కూలబడి, అమ్మా అని అరిచి, మళ్ళీ లేచి ఇంకోసారి పడ్డాడు. శత్రువుకి అంత చావు అక్కర్లేదని తిట్టారు. సరేనన్నాడు. కానీ నాకు కనుబొమ్మ ఎగరేశాడంటే మళ్ళీ చెయ్యబోతున్నాడని అర్థం. నేను కళ్ళు మూసుకోక ఏం చెయ్యను?"

ఆయన భార్య నవ్వింది. గట్టిగా, నోరారా నవ్వింది. "వెధవ! తుపాకీ ఎదురుగా పెట్టుకుని ఆ ముఖమేంట్రా?" అంది తెరతో. ఇంకా నవ్వుతూనే ఉంది, కానీ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. వాటిని తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆవిడకు.

"ఆ తర్వాత ఏడాదే పోయాడమ్మా," అంది కలరిస్టు వైపు తిరిగి. "ఫోటో ఒకటుంది, మా పెళ్ళిది. అందులో మేమిద్దరం, వాడూ, ముగ్గురికీ పళ్ళే కనపడతాయి. వాడి ముక్కు ఎలా ఉండేదో మర్చిపోయాను. అడిగితే ఈయనా చెప్పలేడు."

చిన్నబాబు నిలబడే ఉన్నాడు. "నాకొకటి అర్థం కావట్లేదు. మీరు నవ్వుతున్నారు. అతనూ నవ్వుతున్నాడు. సినిమా మొత్తానికి ముఖ్యమైన షాటు. మా నాన్న గుండీ ఊడితే షాటు మళ్ళీ తీసేవాడు. దీన్ని ఎందుకు ఉంచాడు? చూడలేదా?"

ముసలాయన సూటు గుండీ సర్దుకున్నాడు.

"చెప్పు," అంది భార్య.

"చూశారు బాబూ. కెమెరా ఆయన కూడా చూశాడు, వీళ్ళిద్దరూ నవ్వుతున్నారు, మళ్ళీ తీద్దామన్నాడు. అప్పటికే ఎండ పోతోంది. నాన్నగారు మా వైపు ఒకసారి చూసి, 'నల్లగా ఉన్నారు, పైగా నీడలో ఉన్నారు. కనపడదులే' అన్నారు."

నిన్న ఫోనులో అన్నేసి మాటలు చెప్పిన మనిషి వైపు చూడడానికి కలరిస్టు భయపడింది.

"అన్నాడా?" అన్నాడు చిన్నబాబు.

"తప్పుగా అనలేదు బాబూ, తొందరలో అన్నారు. అయినా నిజమే కదా. ఇన్నేళ్ళూ కనపడలేదుగా."

ఓదార్పుగానే అన్నాడు పాపం. చిన్నబాబు కుర్చీలో కూలబడ్డాడు. బట్టతల మీద చేత్తో రుద్దుకున్నాడు. "కన్నీళ్ళని చెప్పేశాను అందరికీ," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

కలరిస్టు ఇక ఆగలేకపోయింది. "సార్, సినిమా మీది. చీకటి చెయ్యమంటే చెయ్యాల్సిందే. కానీ నా చేత్తో మాత్రం కాదు. ఇంకెవరినైనా పిలిపించుకోండి. వాళ్ళిద్దరినీ చూశాక నేను మళ్ళీ లోపలికి తొయ్యలేను." ఈ పని పోతే ఇంకో పని ఎక్కడ దొరుకుతుందో తెలియదు. అయినా చెప్పేసింది.

చిన్నబాబు ముసలాయన వైపు తిరిగాడు. "ఏడుపు కాదు, నవ్వు అని చెబితే మీకు చిన్నతనంగా ఉండదూ?"

"నవ్వని చెప్పండి బాబూ, నాకేం చిన్నతనం? ఒక్కటి మాత్రం చెప్పండి. ఏడవమనుంటే అంతకన్నా బాగా ఏడ్చేవాణ్ణి. ఆ నవ్వు చూసి నా ఏడుపు అదేననుకుంటే పరువు పోతుంది."

చిన్నబాబు ముఖంలో ఏదో కదిలింది. నవ్వాలో ఏడవాలో అతనికీ తెలిసినట్టు లేదు.

"ఉంచండి," అన్నాడు. "ఇద్దరివీ ఉంచండి. నాన్న అన్నమాట కూడా నేనే చెబుతాను, ఎవరో చెప్పేకంటే." తెర వైపు తిరిగి, "మొదటి నుంచీ ఒకసారి వెయ్యండి. సరిగ్గా ఉందో లేదో చూద్దాం."

ఆమె గీతను కట్టేసిన కుర్రాడి ముఖంతో పాటు చివరి ఫ్రేము దాకా నడిపించింది. దానికి మరో గంట పట్టింది. ఎవరూ కదల్లేదు. ముసలావిడ సంచిలోంచి బిస్కెట్లు తీసి అందరికీ పంచింది, చిన్నబాబుకు కూడా. ఆ తర్వాత దీపాలు మళ్ళీ ఆర్పారు.

మిల్లు గోడ. ఎండ. కెప్టెన్ డైలాగు మొదలుపెట్టాడు. గొంతు అదే, కోపం అదే. కెప్టెన్ బుగ్గ రంగు కూడా చెక్కుచెదరలేదు. వెనకాల ఒక కుర్రాడు పెదాలు నొక్కిపెట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఇంకో కుర్రాడు అతన్ని చూసి కనుబొమ్మ ఎగరేశాడు.

తుపాకీ లేచింది. ఆ చోట చిన్నప్పటి నుంచీ చప్పట్లు కొట్టిన మనిషి చిన్నబాబు. ఇప్పుడు అతని వేళ్ళు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

ముసలావిడ అతని మోచెయ్యి పట్టుకుని లాగింది.

"అదేంటి బాబూ, అటు తిరుగుతారు?" అంది. ఆవిడ కళ్ళు తెర మీదే ఉన్నాయి. "ఇప్పుడే చూడాలి. వాడు ఇప్పుడే చేస్తాడు."